వండే చేతికీ తినే నోటికీ మధ్య

రితేశ్ బత్రా 2013లో తీసిన ‘ది లంచ్‌బాక్స్’లో ఇల అనే గృహిణి భర్త కోసం వండి పంపిన క్యారియర్ పొరపాటున మరో ఆఫీసుకు, సాజన్ ఫెర్నాండెజ్ అనే ఒంటరి ఉద్యోగి బల్ల మీదికి చేరుతుంది. సాయంత్రానికి గిన్నెలు నాకినట్టు ఖాళీ అయి తిరిగి వస్తాయి. తన వంట ఎవరో అపరిచితుడు తిన్నాడని గ్రహించిన ఇల మర్నాడు క్యారియర్‌లో ఒక చీటీ పెడుతుంది. అంత ఇష్టంగా తిన్నందుకు కృతజ్ఞత చెబుతుంది. తిరిగి వచ్చిన చీటీలో ధన్యవాదం లేదు, మెప్పుకోలు లేదు. ఈరోజు భోజనం బాగా ఉప్పగా ఉందని మాత్రం రాసి ఉంటుంది.

ఆ చీటీ వచ్చేదాకా ఉప్పు ఎక్కువైన సంగతి ప్రేక్షకుడికి తెలియదు. కెమెరా వంటింట్లోనే ఉంది. కూర కలపడం, గిన్నెల్లోకి సర్దడం, మూతలు బిగించడం అన్నీ దగ్గరుండి చూసింది. అయినా ఉప్పు దానికి చిక్కలేదు. తిన్న మనిషి నోరు తెరిచి చెబితే తప్ప రుచి బయటపడలేదు. తిండి గురించి తీసిన మంచి సినిమాలన్నిటికీ మూలం ఈ చిన్న ఇబ్బందిలోనే ఉంది. సినిమా చూపించగలదు, వినిపించగలదు. వాసననూ రుచినీ అందించలేదు. ఆ లోటును పూడ్చుకోవడానికి సాంకేతికంగా ప్రయత్నాలు జరగకపోలేదు. 1960లో వచ్చిన ‘సెంట్ ఆఫ్ మిస్టరీ’ కోసం థియేటర్లలో కుర్చీల దాకా గొట్టాలు వేసి, సన్నివేశాన్ని బట్టి వాసనలు వదిలారు. 1981లో ‘పాలియెస్టర్’ చూడడానికి వచ్చినవాళ్లకు గీకి వాసన చూసుకునే కార్డులు పంచారు. రెండూ వింతలుగా మిగిలిపోయాయి. నిలబడిన దారి వేరొకటి. వండినది ఎవరి దగ్గరికి వెళుతుందో, వాళ్లు దాన్ని ఎలా తింటారో, తిన్న కబురు వండిన మనిషికి ఎలా చేరుతుందో, అసలు చేరుతుందో లేదో చెప్పడం ఆ దారి. వండే చేతికీ తినే నోటికీ మధ్య ఉన్న దూరమే ఈ సినిమాల అసలు కథ.

దూరం మాట అటుంచి, ముందు పని చేసే తీరు చూడాలి. తిండిని అందంగా చూపడం ప్రకటనలవాళ్లకు ఎప్పటి నుంచో కొట్టిన పిండి. చల్లని గ్లాసు మీద నిలిచే నీటి చుక్కల కోసం గ్లిజరిన్ చల్లుతారు. లైట్ల వేడికి కరిగిపోయే ఐస్‌క్రీము స్థానంలో బంగాళాదుంప ముద్ద పెడతారు. పాలు పోయాల్సిన చోట తెల్ల జిగురు పోస్తారు. ప్రకటనలో ఆ తిండిని ఎవరూ తినక్కర్లేదు కాబట్టి ఇదంతా చెల్లుతుంది. కథాచిత్రంలో నటుడు దాన్ని నోట్లో పెట్టుకోవాలి, నమలాలి, నములుతూనే మాట్లాడాలి. ఒకే ముద్దను టేక్ వెంట టేక్ కొత్తగా తిన్నట్టు తినాలి. మొదటి షాట్‌లో సగం ఖాళీ అయిన పళ్లెం రెండో షాట్‌లో నిండుగా కనిపిస్తే కంటిన్యుటీ పోతుంది. అందుకే చాలా సినిమాల్లో భోజనాల బల్ల దగ్గర పాత్రలు చెంచాతో పళ్లేన్ని కెలుకుతూ కూర్చుంటాయి. ఒక్కరూ నిజంగా తినరు. తిండిని గౌరవించే దర్శకుడెవరో గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలికైన కొలత లేదు. ఆయన సినిమాలో మనుషులు నిజంగా మింగుతారు.

ఇక శబ్దం. నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు కళ్లు మూసుకుని వింటే వాన చప్పుడులా ఉంటుంది. కంటి ముందు మూకుడు కనిపించినప్పుడే అది వేపుడు చప్పుడవుతుంది, వెంటనే నోట్లో నీరూరుతుంది. కత్తి పలక మీద పడే లయ, మూత తీయగానే ఎగసే ఆవిరి, రొట్టె పైపొర విరిగే చిటపట, ఇవన్నీ చెవి ద్వారా నాలుకను తట్టిలేపే సాధనాలు. వంట సన్నివేశాన్ని నేపథ్య సంగీతంతో ముంచెత్తే దర్శకులు ఈ మేలును చేజేతులా వదులుకుంటున్నారు.

తినే మనిషి నమ్మితే తిండి అక్కడ లేకపోయినా ఫరవాలేదని మూకీల కాలంలోనే చార్లీ చాప్లిన్ నిరూపించాడు. 1925 నాటి ‘ది గోల్డ్ రష్’లో మంచు కురిసే కొండ మీద గుడిసెలో చిక్కుకున్న ఇద్దరు ఆకలికి తాళలేక బూటును ఉడకబెట్టుకుంటారు. చాప్లిన్ దాన్ని పళ్లెంలో పెట్టి పెద్ద విందులో వడ్డించినంత పద్ధతిగా కోస్తాడు. లేసులను ఫోర్కుకు చుట్టుకుని నూడుల్స్‌లా జుర్రుకుంటాడు. మేకులను ఎముకల్లా చప్పరించి పక్కన పెడతాడు. చిత్రీకరణ కోసం ఆ బూటును అతిమధురంతో చేసిన మిఠాయితో తయారుచేశారు. అయితే తెర మీద అది తోలే, మనకు కలిగేది ఆకలే. ‘మాయాబజార్’లో, 1957లో, కె.వి. రెడ్డి ఇదే సూత్రాన్ని తలకిందులుగా వాడారు. అక్కడ తిండికి కొదవ లేదు. పళ్లేలు వాటంతట అవే జరుగుతాయి, లడ్డూలు ఎగిరి నోట్లోకి వస్తాయి. కెమెరా గారడీ ఎంత గొప్పదైనా ఆ విందును విందుగా నిలబెట్టింది ఎస్.వి. రంగారావు ముఖమే. ఆ బుగ్గలు, ఆ కళ్లు, ఆ నవ్వు తీసేస్తే మిగిలేవి కదిలే పళ్లేలు.

యానిమేషన్‌లో ఈ సమస్య ఇంకా గట్టిది. అక్కడ తిండీ బొమ్మే, తినేవాడూ బొమ్మే. 2007లో బ్రాడ్ బర్డ్ దర్శకత్వంలో వచ్చిన ‘రాటటూయి’ కోసం చిత్రకారులు నిజమైన వంటశాలలో వంటకాలు చేయించి ఫొటోలు తీసుకున్నారు. చెత్తకుప్ప సహజంగా కనిపించాలని పదిహేను రకాల పండ్లూ కూరగాయలూ కుళ్లిపోతుండగా ఫొటోలు తీశారు. సినిమాకు పేరునిచ్చిన వంటకం రూపం వెనుక అమెరికన్ షెఫ్ థామస్ కెల్లర్ సలహా ఉంది. ఇంత శ్రమా పడి, కీలకమైన ఘట్టం వచ్చేసరికి దర్శకుడు వంటకాన్ని వదిలేసి ముఖం పట్టుకున్నాడు. కటువుగా రాయడానికి పేరుమోసిన విమర్శకుడు ఆంటన్ ఈగో ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే కెమెరా అతని కంట్లోకి దూసుకుపోతుంది. గుమ్మంలో నిలబడ్డ చిన్న పిల్లవాడు, తల్లి అతని ముందు పెట్టిన పళ్లెం కనిపిస్తాయి. మళ్లీ వర్తమానంలోకి వచ్చేసరికి అతని చేతిలోని కలం జారి నేల మీద పడుతుంది. రుచి ఎలా ఉందో ఒక్క విశేషణం వాడకుండా చెప్పిన సన్నివేశం ఇది. వండినది ఒక ఎలుక అని అతనికి ఇంకా తెలియదు. చేతికీ నోటికీ మధ్య దూరం అంతకన్నా పెరగడం కష్టం.

ఆ దూరాన్ని అన్నిటికన్నా ఓపికగా, లోతుగా కొలిచిన సినిమా ‘బాబెట్స్ ఫీస్ట్’. కరెన్ బ్లిక్సెన్ కథ ఆధారంగా గాబ్రియెల్ ఆక్సెల్ 1987లో తీశాడు. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకున్న తొలి డెన్మార్క్ సినిమా ఇదే. మూల కథ నార్వేలో జరుగుతుంది. సినిమా దాన్ని డెన్మార్క్‌లోని జట్లాండ్ తీరానికి, బూడిద రంగు ఆకాశం కింద ఉండే నాలుగైదు ఇళ్ల పల్లెకు తెచ్చింది. మార్టీన్, ఫిలిపా అనే అక్కచెల్లెళ్లు తమ తండ్రి నెలకొల్పిన కఠినమైన మతశాఖను ఆయన తర్వాత నడుపుతుంటారు. పారిస్‌లో జరిగిన నెత్తుటి అల్లర్లలో భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న బాబెట్ వాళ్ల గుమ్మంలోకి వచ్చి, జీతం లేకుండా వంట చేస్తానని ఉండిపోతుంది. ఆమెకు ఆ ఇంటివాళ్లు నేర్పిన వంట ఎండు చేపను నానబెట్టి ఉడకబెట్టడం, రొట్టె ముక్కలతో గంజి కాచడం. ఆమె పద్నాలుగేళ్లు మారుమాట లేకుండా అదే వండుతుంది.

సినిమాలో చాలామంది గుర్తుపెట్టుకునేది చివరి విందు. అసలు విషయం ఈ పద్నాలుగేళ్లలో ఉందనిపిస్తుంది. బాబెట్ ఎవరో మనకు అప్పటికి తెలియదు. ఎండు చేపల గంజి పేదలకు పంచుతుంది, బేరం ఆడి సరుకులు కొంటుంది. తర్వాత తన లాటరీ టికెట్టుకు పదివేల ఫ్రాంకులు తగిలినప్పుడు, తండ్రి శతజయంతి నాడు తానే ఒక ఫ్రెంచి విందు చేస్తానని అక్కచెల్లెళ్లను అడుగుతుంది. సరుకులు దిగుతాయి. బతికున్న తాబేలు వస్తుంది. మార్టీన్ దాన్ని చూసి దడుచుకుని, రాత్రి పీడకలలు కని, తోటి విశ్వాసులను పిలిచి ఒక ఒప్పందం చేయిస్తుంది. బల్ల మీద ఏది పెట్టినా తినాలి, తాగాలి, దాని రుచి గురించి మాత్రం ఒక్క మాట కూడా ఎత్తకూడదు.

తిండి సినిమాలో తినేవాళ్లు నోరు కుట్టేసుకుంటే ఏమవుతుంది? ఆక్సెల్ సినిమా అక్కడే ఎత్తుకు వెళుతుంది. బల్ల చుట్టూ పన్నెండు మంది. వారిలో ఒక్క జనరల్ లోవెన్‌హీల్మ్‌కు మాత్రం ఈ ఒప్పందం తెలియదు. అతను ద్రాక్షసారాను నాలుక మీద వేసుకుని ఉలిక్కిపడతాడు, ఇది ఫలానా ఏడాది సరుకని గుర్తుపడతాడు, పక్కనున్న ముసలాయన వైపు తిరిగి ఆశ్చర్యం ప్రకటిస్తాడు. ముసలాయన వాతావరణం గురించి ఏదో చెబుతాడు. ఒకప్పుడు పారిస్‌లోని కాఫే ఆంగ్లే అనే భోజనశాలలో ఇలాంటి వంటకమే తిన్నానని, అక్కడ ప్రధాన వంటమనిషి ఒక స్త్రీ అని జనరల్ చెబుతాడు. ఆ స్త్రీ గోడకు అవతల పొయ్యి ముందు నిలబడి ఉందని అతనికి తెలియదు. విందు సాగుతున్నంతసేపూ ఆమె భోజనాల గదిలోకి అడుగుపెట్టదు. ఎవరు ఏమన్నారో వినదు. మాటలు లేవు గాని, బల్ల చుట్టూ బుగ్గలు ఎర్రబడతాయి, ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు పాత తప్పులు ఒప్పుకుని నవ్వుకుంటారు. వంటింట్లో జనరల్ బండి తోలే మనిషికీ అదే విందు దొరుకుతుంది. పనంతా అయ్యాక బాబెట్ గిన్నెల మధ్య కూర్చుని నిదానంగా ఒక గ్లాసు ద్రాక్షసారా తాగుతుంది. చెమట పట్టిన నుదురుతో స్టెఫాన్ ఓడ్రాన్ ఆ కాసేపు చూపే అలసట, తృప్తి, ఒంటరితనం వంట సినిమాల చరిత్రలో అరుదైన నటన. పదివేల ఫ్రాంకులూ ఖర్చయిపోయాయి. ఆ భోజనశాలలో పన్నెండు మందికి విందంటే అంతే ఖరీదని ఆమె తేలిగ్గా చెబుతుంది.

ఇక్కడ తినేవాళ్ల నోళ్లకు తాళం పడింది. తైవాన్ దర్శకుడు ఆంగ్ లీ 1994లో తీసిన ‘ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్’లో తాళం వంటవాడి నాలుకకే పడింది. తైపేలో చూ అనే పేరుమోసిన వంటవాడికి రుచి తెలియకుండా పోతుంది. పెద్ద హోటల్లో అతను వండినవి సరిగ్గా ఉన్నాయో లేదో పాత స్నేహితుడు రుచి చూసి చెప్పాలి. భార్య లేదు, ముగ్గురు ఎదిగిన కూతుళ్లు. ప్రతి ఆదివారం ఇంట్లో వాళ్ల కోసం పెద్ద విందు వండుతాడు. సినిమా ఆ వంటతోనే మొదలవుతుంది. చేపను తొట్టెలో నుంచి తీయడం, చీల్చడం, పొలుసు గీయడం, పిండిలో ముంచి కాగే నూనెలో జారవిడవడం, మాంసాన్ని మందంగా కోయడం, కుడుములకు అంచులు ఒత్తడం చకచకా సాగిపోతాయి. ఆ చేతుల వేగం చూస్తే అతనికి నాలుక అక్కర్లేదనిపిస్తుంది. కూతుళ్లు మాత్రం ఆ భోజనాన్ని వారం వారం తప్పని శిక్షలా భరిస్తారు. ఒక్కొక్కరూ ఏదో ఒక ప్రకటన చేయడానికి ఆ బల్లను వాడుకుంటారు, ఎవరూ కడుపునిండా తినరు.

ఈ సినిమాలో అతి సున్నితమైన ముడి ఒక స్కూలు పిల్లది. పొరుగింటి చిన్నారికి తల్లి వండిపెట్టే మధ్యాహ్న భోజనం తినలేనంత అధ్వానంగా ఉంటుంది. చూ రహస్యంగా రకరకాల వంటకాలతో డబ్బా కట్టి బడికి తీసుకెళ్తాడు. పిల్ల చుట్టూ తోటి పిల్లలు మూగుతారు. అంతటితో ఆగితే అది మంచితనం కథ అయ్యేది. తల్లికి తెలియకుండా ఉండాలని, ఆమె కట్టి ఇచ్చిన భోజనాన్ని చూ తానే తినేస్తాడు. దేశంలో పెద్ద వంటవాడు, రుచి తెలియని నోటితో, మరొకరి చేతకాని వంటను ఒక్క మెతుకు వదలకుండా తింటున్నాడు. అది ప్రేమ అని మనకు చివర్లో గానీ అర్థం కాదు. ముగింపులో ఇల్లు ఖాళీ అవుతుంది. చిన్నప్పుడు తండ్రి వంటింట్లోంచి తరిమేసిన రెండో కూతురు ఆరోజు అతనికి వండిపెడుతుంది. పులుసు తాగిన తండ్రి అల్లం ఎక్కువైందని అంటాడు. ఇద్దరూ వాదనకు దిగబోయి ఆగిపోతారు. అల్లం ఎక్కువైందని అతనికి ఎలా తెలిసింది? ‘ది లంచ్‌బాక్స్’లో ఉప్పు చేసిన పనే ఇక్కడ అల్లం చేసింది. వంకపెట్టడమే అందిన కబురు. పొగడ్త ఎవరైనా మర్యాదకు చెప్పగలరు. వంక పెట్టాలంటే నిజంగా తిని ఉండాలి.

జపాన్ దర్శకుడు జూజో ఇతామీ ఈ తేడాను 1985లోనే పూర్తిగా అర్థం చేసుకున్నాడు. ‘టాంపోపో’ ఒక రామెన్ దుకాణం కథ. టాంపోపో అనే వితంతువు నడిపే ఆ దుకాణంలో నూడుల్స్ పులుసు ఏమంత బాగుండదు. గోరో అనే లారీ డ్రైవరు ఆ మాట ఆమె ముఖం మీదే చెబుతాడు. ఆమె కోప్పడదు. నేర్పమంటుంది. అక్కడి నుంచి కథ మల్లయుద్ధానికి తయారయ్యే వస్తాదు కథలా సాగుతుంది. నీళ్ల కుండలు మోస్తుంది, పరుగెత్తుతుంది, ఇతర దుకాణాలకు వెళ్లి రహస్యాలు పసిగడుతుంది. గోరో నేర్పే మొదటి పాఠం చెంచా పట్టడం గురించి కాదు, కస్టమర్లను చూడడం గురించి. లోపలికి వచ్చిన మనిషి ఆకలిగా ఉన్నాడా, తాగి ఉన్నాడా, తొందరలో ఉన్నాడా అని చూడాలి. తిన్నాక గిన్నె అడుగున ఎంత మిగిలిందో చూడాలి. చివరి పరీక్ష రోజున ఐదుగురు మగవాళ్లు వరసగా కూర్చుని తింటుంటే టాంపోపో ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఒక్కరూ మాట్లాడరు. ఒకరి తర్వాత ఒకరు గిన్నె రెండు చేతులా ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగుతారు. గిన్నెల అడుగులు కనిపిస్తాయి. ఆమె కళ్లు చెమరుస్తాయి.

ప్రధాన కథను మధ్యమధ్యలో వదిలేసి ఇతామీ తిండికి సంబంధించిన చిన్న చిన్న కథల్లోకి వెళ్లిపోతాడు. కొన్ని నవ్విస్తాయి, కొన్ని శృంగారం, ఒకటి మాత్రం గుండెను పిండుతుంది. రైలు పట్టాల పక్కన ఇరుకైన ఇల్లు. చావుబతుకుల్లో ఉన్న భార్య చాప మీద పడి ఉంది. డాక్టరు, నర్సు, ముగ్గురు పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పరుగెత్తుకొచ్చిన భర్తకు ఏం చేయాలో తోచదు. చచ్చిపోవద్దు, ఏదో ఒకటి చెయ్యి, అవును, వంట చెయ్యి అని అరుస్తాడు. ఆమె లేస్తుంది. తూలుతూ పొయ్యి దగ్గరికి వెళ్లి ఉల్లికాడలు తరుగుతుంది, అన్నం వేయిస్తుంది, మూకుడు తెచ్చి బల్ల మీద పెడుతుంది. భర్త ఒక ముద్ద తిని బాగుందంటాడు. ఆ మాట విని, పిల్లలు తినడం చూసి, సన్నగా నవ్వి ఒరిగిపోతుంది. పిల్లలు ఏడుస్తుంటే తండ్రి ఏడుస్తూనే గద్దిస్తాడు: తినండి, అమ్మ చేసిన ఆఖరి వంట, వేడి చల్లారకముందే తినండి. రెండు మూడు నిమిషాల ఈ ఘట్టంలో ఆమెకు ఒక్క మాట కూడా లేదు. ఆ ఇంట్లో ఆమెకు పని తప్ప మరో గుర్తింపు లేదన్న చేదు నిజమూ, ఆ పనే ఆమెను మరికాస్సేపు నిలబెట్టిందన్న నిజమూ ఒకే మూకుడులో ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ ఇతామీ దాచలేదు.

తినేవాణ్ని చూడడం వంటలో భాగమని చెప్పే నిజ జీవిత సాక్ష్యం డేవిడ్ గెల్బ్ 2011 డాక్యుమెంటరీ ‘జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషి’లో ఉంది. టోక్యో గింజా ప్రాంతంలో ఒక భవనం నేలమాళిగలో, అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే సుషికి పది కుర్చీల దుకాణం. చిత్రీకరణ నాటికి యజమాని జిరో ఓనోకు ఎనభై ఐదేళ్లు. అక్టోపస్ మెత్తబడాలని నలభై, యాభై నిమిషాలు చేత్తో పిసుకుతారు. కోడిగుడ్డు అట్టు చేయడం నేర్చుకున్న ఒక శిష్యుడు రెండు వందలకు పైగా అట్లు తిరస్కారానికి గురయ్యాక, గురువు సరేనన్నరోజు ఏడ్చేశానని చెబుతాడు. ఈ కఠోరమైన క్రమశిక్షణ గురించే అందరూ మాట్లాడుకుంటారు. అంతకన్నా విలువైన వివరం మరొకటి కనిపిస్తుంది. వచ్చినవాళ్లు ఎడమచేతి వాటం వాళ్లని గమనిస్తే జిరో తర్వాతి ముక్కను వాళ్ల ఎడమ చేతికి అందేలా పెడతాడు. బల్ల దగ్గర అందరూ ఒకే సమయానికి ముగించేలా స్త్రీలకు ముక్కలు కొంచెం చిన్నగా చేస్తాడు. చేతికీ నోటికీ మధ్య దూరం అక్కడ ఒక చెక్క బల్ల వెడల్పు మాత్రమే.

ఇంతవరకూ చెప్పిన సినిమాల్లో వంట ఇష్టంతో చేసే పని. రోజూ మూడు పూటలా, సెలవు లేకుండా, ఎవరూ అడగకుండా, ఎవరూ మెచ్చకుండా జరిగే వంట మాటేమిటి? ఆ ప్రశ్న వేయని వంట సినిమాల జాబితా సగమే. బెల్జియం దర్శకురాలు షాంటల్ ఆకర్‌మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మాన్’ నిడివి 201 నిమిషాలు. ఒక వితంతువు మూడు రోజుల దినచర్య తప్ప అందులో చెప్పుకోదగ్గ కథ తక్కువ. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, మాంసం ముద్ద పిసుకుతుంది, పలచని మాంసం ముక్కలకు పిండి పట్టిస్తుంది. కెమెరా కదలదు, షాట్ తెగదు. వంట ఎంతసేపు పడుతుందో ప్రేక్షకుడు అంతసేపూ చూడాలి. రెండో రోజు బంగాళాదుంపలు అతిగా ఉడికిపోతాయి. బయటి నుంచి చూస్తే చిన్న విషయం. అప్పటికి గంటల తరబడి ఆ క్రమాన్ని చూసిన ప్రేక్షకుడికి మాత్రం గుండె జారుతుంది. బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2022లో జరిపిన విమర్శకుల ఓటింగులో సర్వకాల ఉత్తమ చిత్రంగా మొదటి స్థానం దీనికే దక్కింది.

మలయాళ దర్శకుడు జియో బేబీ 2021లో తీసిన ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ ఆ దారినే మరింత కోపంగా నడిచింది. మొదటి అరగంటలో తరగడం, తురమడం, వేయించడం కంటికి ఇంపుగానే ఉంటాయి. తిండి సినిమాల అలవాటు ప్రకారం ప్రేక్షకుడు మురిసిపోతాడు కూడా. ఆ మురిపెమే ఉచ్చు. అవే షాట్లు మళ్లీ వస్తాయి, మళ్లీ వస్తాయి, ఈసారి వాటి వెనుక మిగిలిన పని కూడా వస్తుంది. మగవాళ్లు తిని లేచాక పళ్లెం పక్కన, బల్ల మీద నమిలి ఉమ్మిన పిప్పి కనిపిస్తుంది. ఆడవాళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చుని మిగిలింది తినాలి. అన్నం కుక్కర్లో వద్దని, కట్టెల పొయ్యి మీదే వండాలని మామగారు మెత్తగా, నవ్వుతూ చెబుతారు. వంటింటి సింకు గొట్టం కారుతుంటుంది. ప్లంబరును పిలవమని భార్య గుర్తుచేస్తూనే ఉంటుంది, భర్త మరిచిపోతూనే ఉంటాడు. కింద పెట్టిన బకెట్టులో మురికినీరు చుక్కచుక్కగా నిండుతుంది. ఆ గొట్టం సినిమాకు గడియారం. చివరికి ఆ మురికినీళ్లే మామ, భర్తల ముఖాల మీద పడినప్పుడు, తిన్న కబురు ఏనాడూ చేరని వంటింటి నుంచి మొదటిసారి బయటికి ఒక కబురు వెళుతుంది. వంటల అందాన్ని తెర మీద చూసి తరించే అలవాటును ఈ సినిమా తర్వాత యథాతథంగా కొనసాగించడం కష్టం. అది దీని విజయం.

హోటల్ వంటశాలల సినిమాలు వేరే జాతి. జాన్ ఫావ్‌రో 2014లో తీసిన ‘షెఫ్’ హాయిగా చూసుకునే సినిమా. రాయ్ చోయ్ అనే వంటవాడి దగ్గర ఫావ్‌రో పని నేర్చుకున్నాడు, కత్తి పట్టులో అది కనిపిస్తుంది. ఫిలిప్ బరాంటినీ 2021 చిత్రం ‘బాయిలింగ్ పాయింట్’ మొత్తం ఒకే షాట్‌లో నడుస్తుంది. ఒక రాత్రి వడ్డన, అప్పులు, అరుపులు, తినేవాళ్ల అహంకారం. తిండి రుచి గురించి అందులో దాదాపు ఏమీ లేదు. వేగమే వస్తువైనప్పుడు రుచికి చోటు ఉండదేమో.

నిదానానికి మళ్లీ పట్టం కట్టినది ట్రాన్ ఆన్ హుంగ్. ‘ది టేస్ట్ ఆఫ్ థింగ్స్’కు 2023లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం అందుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సు, పల్లెటూరి భవనం, విశాలమైన వంటిల్లు. సినిమా ఆరంభంలో చాలాసేపు వంట తప్ప ఏమీ జరగదు. యూజెనీ, దొదాన్ ఇరవై ఏళ్లుగా కలిసి వండుతున్నారు. ఒకరు చేయి చాపితే మరొకరు గరిటె అందిస్తారు, పేరు చెప్పి అడగనక్కర్లేదు. ఒక చిన్న పిల్లకు చెంచాడు సాస్ రుచి చూపిస్తే కళ్లు మూసుకుని అందులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే చెబుతుంది. వంటకాల రూపకల్పనకు తోడ్పడినవాడు పియెర్ గన్యేర్, ఫ్రాన్సులో అగ్రశ్రేణి షెఫ్‌లలో ఒకడు. ముఖ్యపాత్రలు పోషించిన జూలియెట్ బినోష్, బెనువా మజిమెల్ ఒకప్పుడు నిజ జీవితంలో కలిసి బతికి విడిపోయినవాళ్లు. ఆ సంగతి తెలిసి చూస్తే ఇద్దరి మధ్య గిన్నెలు చేతులు మారే తీరు మరోలా కనిపిస్తుంది. యూజెనీ జబ్బుపడితే దొదాన్ ఒంటరిగా ఆమె కోసం మొదటి నుంచి చివరి దాకా తానే వండి వడ్డిస్తాడు. జీవితమంతా వండినామె కూర్చుంది, తింటోంది. అతను ఎదురుగా ఉండి ఆమె తినడం చూస్తాడు. బాబెట్‌కు దక్కనిది యూజెనీకి ఒక పూట దక్కింది.

ఇన్ని విందుల తర్వాత మనసులో అన్నిటికన్నా గట్టిగా నిలిచే వంటకం మామూలు కోడిగుడ్డు అట్టు. స్టాన్లీ టూచీ, క్యాంబెల్ స్కాట్ కలిసి దర్శకత్వం వహించిన ‘బిగ్ నైట్’ 1996లో వచ్చింది. 1950ల అమెరికాలో ఇటలీ నుంచి వలస వచ్చిన అన్నదమ్ముల భోజనశాల దివాళా అంచున ఉంటుంది. అన్న ప్రీమో వంటలో రాజీపడడు. అన్నంతో చేసే రిసోట్టోతో పాటు నూడుల్స్ లాంటి స్పఘెట్టీ కూడా కావాలన్న కస్టమరు మాటకు భగ్గుమంటాడు. తమ్ముడు సెకోండో లెక్కలు చూసుకోవాలి, అప్పులవాళ్లకు జవాబు చెప్పాలి. గాయకుడు లూయీ ప్రీమా విందుకు వస్తాడని, పేపర్లో పేరు పడుతుందని నమ్మి, ఉన్నదంతా ఊడ్చి ఒక మహా విందు చేస్తారు. అతిథి రాడు. అసలు అతన్ని ఎవరూ పిలవనే లేదు. తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున అన్నదమ్ములు కొట్టుకుంటారు.

తర్వాతది సుమారు ఐదు నిమిషాల దృశ్యం. దాదాపు అంతా ఒకే షాట్, మాటలు దాదాపు లేవు, సంగీతం లేదు. పొద్దున్నే వంటింట్లోకి సెకోండో వస్తాడు. పనివాడు క్రిస్టియానో అక్కడే నిద్రపోయి లేస్తాడు. ఆకలిగా ఉందా అని సెకోండో అడుగుతాడు. పెనంలో నూనె వేస్తాడు, గిన్నెలో గుడ్లు కొట్టి ఫోర్కుతో గిలక్కొడతాడు, ఉప్పు వేస్తాడు, పోస్తాడు. అట్టు అవుతున్నంతసేపూ మనమూ అతని వెనకే నిలబడి ఉంటాం. అయ్యాక అట్టును మూడు భాగాలు చేస్తాడు. ఒకటి క్రిస్టియానోకు, ఒకటి తనకు. మూడోది పెనంలోనే ఉంచి వచ్చి కూర్చుంటాడు. ఇద్దరూ రొట్టె తుంచుకుని తింటుంటే తలుపు తెరుచుకుని ప్రీమో వస్తాడు. సెకోండో లేచి పెనంలోని భాగాన్ని పళ్లెంలో పెట్టి అన్న ముందు ఉంచుతాడు. క్రిస్టియానో నెమ్మదిగా బయటికి వెళ్లిపోతాడు. సెకోండో తింటూ ఒక చేయి అన్న భుజం మీద వేస్తాడు. కాసేపటికి ప్రీమో చేయి కూడా తమ్ముడి వీపు మీదికి వస్తుంది. ఇద్దరూ రెండో చేత్తో తింటూనే ఉంటారు.